వెనక మూల దాకా

మీటలన్నీ ఒకే వరసలో ఉన్నాయి. బడిలో బారులు తీర్చి నిలబెట్టిన పిల్లల్లా, ఒక్కటీ ముందుకీ వెనక్కీ జరగకుండా, అట్టడుగుకి దిగి బుద్ధిగా నిలబడి ఉన్నాయి. నల్లటి సౌండ్ మిక్సర్ పెట్టె నిన్నగాక మొన్న కొన్నదానిలా తళతళలాడుతోంది. ఏళ్ళ తరబడి మీటల సందుల్లో పేరుకున్న దుమ్ము లేదు, అంచుల మీద చెమట వేళ్ళ మరకలు లేవు, ఒక్కో మీట పక్కనా అతికించి ఉండాల్సిన తెల్ల టేపు ముక్కలు లేవు, ఆ ముక్కల మీద, ఏ మీట ఎక్కడ ఆగాలో ఆయన పెన్సిలుతో గీసిన గీతలు లేవు. ఆమె భుజాన ఉన్న సంచీ దించడం కూడా మర్చిపోయి అలాగే నిలబడిపోయింది. ఇది వేరే పెట్టె అయి ఉంటుంది, కొత్తది తెచ్చి పెట్టారు, పాతది స్టోరు రూములో ఎక్కడో గీతలతో సహా భద్రంగా ఉంటుంది, అడిగితే తెచ్చిస్తారు, అలా అనుకోవడం ఒక్క క్షణం ఎంత హాయిగా ఉందో. కానీ కుడి మూల విరిగిన అంచు అదే. ఆయన మేకు కాల్చి ఆ అంచుని అతికించినప్పుడు పడ్డ మచ్చా అదే.

"ఎలా ఉంది టీచరమ్మా?" అంది వెనకనుంచి హాలు ఊడ్చే అక్క. చేతిలో తడిగుడ్డ ఇంకా ఉంది, ముఖం వెలిగిపోతోంది. "పొద్దుట్నుంచీ దీంతోనే సరిపోయింది. ఇవాళ నువ్వొస్తున్నావని ఓనరు బాబు చెప్పాడు. నెల పైనించీ ఎవరూ ముట్టుకోలేదేమో, దుమ్ము కొట్టుకుపోయింది. ఆ టేపు ముక్కల జిగురైతే ఒక పట్టాన వదల్లేదనుకో, గోరు పెట్టి గీకాను. అయ్య ఉన్నన్నాళ్ళూ దాని మీద గుడ్డ కూడా వెయ్యనిచ్చేవాడు కాదు కదా. ఆయన పెట్టె అలా మాసిపోయి కనిపిస్తే నీకు మనసు కష్టంగా ఉంటుందని."

"చాలా బాగుందక్కా," అంది ఆమె.

ఇంకేమంటుంది? ఎవర్ని పట్టుకుని ఏమంటుంది? గోరు పెట్టి గీకిందట. ఆ గోరు చివర ఇంకా కొంచెం తెల్లగా జిగురు కనిపిస్తోంది. కోపం వస్తే బావుణ్ణు, కోపం వస్తే ఎక్కడో అక్కడ దించుకోవచ్చు, కానీ కోపానికి అందే మనిషి కాదు అక్క. ప్రేమ కొద్దీ చేసిన పని, ప్రేమ కొద్దీ చేసిన పనికి ఎవరు మాత్రం ఏం చెయ్యగలరు. అక్క గుడ్డ పిండుకుంటూ వరండాలోకి వెళ్ళిపోయింది. ఆమె ఆఖరికి సంచీ దించి గోడవార పెట్టింది. వ్యాయామం క్లాసు మొదలు కావడానికి ఇంకా గంట ఉంది. గంటలో ఈ హాలుకి నోరు రప్పించాలి. పాట ఎంత వినిపించాలో, ఆ పాట మీద తన గొంతు ఎంత వినిపించాలో, ముందు వరసకీ వెనక వరసకీ తేడా రాకుండా నాలుగు మూలల స్పీకర్లూ ఎంతెంత పలకాలో, అంతా మళ్ళీ మొదట్నుంచీ. అది పెద్ద విషయం కాదు. పని పనే, ఎలాగోలా అవుతుంది. పోయింది అది కాదు. ఆ మీటలు ఆయన చివరిసారి ఎక్కడ ఆపాడో అక్కడే ఉన్నాయని, తను వచ్చే దాకా అక్కడే ఉంటాయని, ఈ నెల రోజులూ దాన్ని పట్టుకునే తను రాత్రుళ్ళు గడిపింది. తన బదులు క్లాసు చెప్పిన అమ్మాయి చక్రాల స్పీకరొకటి సొంతంగా తోసుకొచ్చుకుందిట, మిక్సర్ జోలికే పోలేదుట, ఓనరు ఫోనులో చెప్పాడు, "ఎవరూ చెయ్యి పెట్టలేదు పిన్నీ, బాబాయ్ వదిలింది వదిలినట్టే ఉంది," అని. ఆ మాట విన్నాకే వస్తానని ఒప్పుకుంది. వచ్చి, స్విచ్చి వేసి, అవే మీటలు, అదే పాట, అదే మైకు తలకి తగిలించుకుని అక్కడే నిలబడితే, ఆ రోజు సగంలో ఆగిపోయిన మాట ఏమిటో గుర్తొస్తుందని ఆశ పడింది. ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే నవ్వరు, పాపం అంటారు, అది ఇంకా కష్టం.

ఆ మాట ఏమిటి. ఆయనతో ఏదో చెబుతోంది. చెబుతూ ఉండగా ఆయన చెయ్యెత్తి చాలు అన్నాడు. తను ఆపేసింది. అది ఈ హాల్లో ఆయనతో తను మాట్లాడిన ఆఖరి సంగతి, దాని సగం తన దగ్గరే ఉండిపోయింది, అదేమిటో తనకే తెలియదు. ఎంత వెతికినా దొరకదు. చేతిలో తాళాలు పట్టుకుని ఇల్లంతా వెతుక్కునే రకం తను, ఆయన ఎప్పుడూ వెక్కిరించేవాడు. ఈసారి చేతిలో కూడా లేవు.

మైకు తలకి తగిలించుకుంది. చెవుల మీదుగా వంగి వచ్చే సన్నటి తీగ, బుగ్గ దగ్గర నల్ల స్పాంజి గుండు, నడుముకి చిన్న పెట్టె. స్పాంజి కొత్తదానిలా ఉంది, అక్క దీన్ని కూడా ఉతికేసి ఉంటుంది. హాలు పొడుగూతా ఎదురు గోడంతా అద్దం. ఆ అద్దంలో తనూ, తన వెనక ఖాళీ చెక్కనేలా, నేల చివర గోడకి ఆనించి దొంతరగా పేర్చిన చాపలూ, ఆ పక్కన ఏసీ కింద వెనక మూలా. అద్దానికి ఎదురుగా నిలబడి పాఠం చెప్పేటప్పుడు కూడా ఆ మూల కనబడుతూనే ఉంటుంది. ఆయన స్థానం అది. పైన స్పీకరున్నా దాని మోత తల మీదుగా దాటిపోయి, ధ్వని అన్నిటికంటే ఆలస్యంగా, అన్నిటికంటే బద్ధకంగా చేరే చోటు అదేనని ఆయన కనిపెట్టాడు. అక్కడ వినిపిస్తే హాలంతా వినిపించినట్టే. పైగా ఎడమ చెవి వినబడని పెద్దమ్మ ఒకావిడ రోజూ అక్కడే చాప పరుచుకునేది, ముందుకి రమ్మంటే రాదు, తన పొట్ట ఎవరికీ కనబడకూడదట. ఆవిడ కోసమే ఆయన ఆ మూల స్పీకరు కుడివైపుకి కాస్త తిప్పి పెట్టాడు. ఆ విషయం ఆవిడకీ తెలియదు, నాకు వయసు పెరిగే కొద్దీ చెవులు బాగుపడుతున్నాయమ్మా అని అందరికీ చెప్పుకునేది. ఆయన పక్కకి తిరిగి నవ్వుకునేవాడు.

ఈ పని ఒక్కళ్ళు చేసేది కాదు. మొదట్లో తనకీ తెలియలేదు, తీగ లేని మైకే కదా, తగిలించుకుని మాట్లాడుతూ వెనక్కి నడిచి వెళ్ళి వింటే పోలేదా అంది. వెళ్ళు, విను, అన్నాడు. వెళ్ళింది. బ్రహ్మాండంగా వినిపిస్తోంది అంది. ఆయన నవ్వాడు, నీ గొంతు నీకు బయట్నించి కాదోయ్ వినిపించేది, ఎముకల్లోంచి, లోపల్నించి, నువ్వు నోరు మూసుకుని గొణుక్కున్నా నీకు బ్రహ్మాండంగానే ఉంటుంది. అది నిజం. తన గొంతు బయటికి ఎంత వెళ్ళిందో తనకి ఎప్పటికీ తెలియదు, ఇంకో మనిషి విని చెప్పాల్సిందే. అలా మొదలైంది. రోజూ క్లాసుకి ముందు తను అద్దం ముందు మీటల దగ్గర, ఆయన వెనక మూల. పాట పెట్టేవాళ్ళు, నడుము పట్టుకునేలా దడదడలాడే పాటలు, నేల మీద పెట్టిన వూఫరు, ఆ బరువు మోతల పెద్ద స్పీకరు, మోగితే కాళ్ళకింద నేల వణికేది. ఆ మోతలో ఆయన ఏం చెప్పినా తనకి వినపడదు. అందుకని చేతులే. అరచెయ్యి పైకి లేపితే పెంచు. కిందకి నొక్కితే తగ్గించు. చెయ్యి చెవి దగ్గర దొప్పలా పెడితే వాక్యం చివర్న నువ్వు మింగేస్తున్నావు, మళ్ళీ చెప్పు. అరచెయ్యి ఎదురుగా నిలబెడితే చాలు, బాగుంది, ఆపు.

మింగేయడం తన పుట్టుబుద్ధి. గొంతు పెద్దదే, ఎంత పెద్దదంటే చిన్నప్పుడు అమ్మ పక్కవీధిలోంచి కూడా తనని గుర్తుపట్టేది, కానీ ఏ మాటైనా ఆఖరికి వచ్చేసరికి జారిపోతుంది, అసలు చెప్పాల్సింది అక్కడే ఉన్నా సరే. పెళ్ళికి ముందు ఏదో సభలో అనౌన్సరుగా తను, మైకులు పెట్టడానికి వచ్చినవాడుగా ఆయన. అమ్మాయ్, నువ్వు చెప్పేదంతా వింటున్నారు గానీ ఏం చెయ్యాలో ఎవరికీ తెలియట్లేదు, ఎందుకంటే క్రియ మింగేస్తున్నావు, అన్నాడు. ఎంత మంట పుట్టిందో. ఆ మంటతోనే ఆయన్ని చేసుకుందని తన ఆడపడుచు అంటుంది ఇప్పటికీ. అందుకే ఆయన ఎప్పుడూ వాక్యం పూర్తయ్యే దాకా ఆగేవాడు. మొదటి సగానికి మీట సరిపోయినా చెయ్యెత్తేవాడు కాదు. ఆఖరు వినిపించాలి, ఆఖరు ఆ మూలకి చేరాలి, అప్పుడే అరచెయ్యి లేచేది.

ఒకటి రెండు మూడు అని మైకు చూసుకోవడం ఆయనకి గిట్టదు. అంకెలు లెక్కపెట్టే గొంతు వేరు, మనిషితో మాట్లాడే గొంతు వేరు, నిజంగా ఏదన్నా చెప్పు అనేవాడు. ఏం చెప్పను అంటే నీ ఇష్టం. అలా ఆ ఖాళీ హాలులో సంసారమంతా మైకులో చెప్పుకుంది. ఏవండీ, కొళాయి మళ్ళీ కారుతోంది. ఏవండీ, మీ చెల్లెలు ఫోను చేసింది, ఇష్టం లేకుండా చేసినట్టు మాట్లాడింది. ఏవండీ, నిన్న మీరన్న మాటకి నాకు ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, అందరి ముందూ అలా అంటారా. హాలు నాలుగు మూలల్నించీ ఆ మాటలు గుప్పుమని మోగేవి, ఆయన వెనక మూల నిలబడి దోషిలా తల ఊపుతూనే, రెండో చేత్తో కొంచెం పెంచు అని సైగ చేసేవాడు. తిట్టేది సరిగా వినబడటం లేదని. ఎలా కోపం నిలుస్తుంది అలాంటి మనిషి మీద. ఇంట్లో చెబితే ఆయనకి ఎక్కదు, వంటింట్లోంచి పదిసార్లు చెప్పిన పని పదకొండోసారి కూడా కొత్తగానే వింటాడు. కానీ మైకులో చెప్పింది మాత్రం మర్చిపోయేవాడు కాదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే చెప్పులు విప్పకుండానే కొళాయి దగ్గరికి వెళ్ళేవాడు. పిల్లలు పుట్టరని డాక్టరు చెప్పిన మర్నాడు కూడా తను ఇక్కడే, ఈ అద్దం ముందే, ఏవండీ నాకేం బాధ లేదు అని చెప్పింది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. మళ్ళీ చెప్పింది. ఇంకా చెవి దగ్గరే పెట్టాడు. మూడోసారి నాకు బాధగా ఉంది అంది, పూర్తిగా, మింగకుండా. అప్పుడు కూడా చాలు అనలేదు, పాట ఆపేసి, ఆ చివర్నుంచి ఈ చివరికి నడుచుకుంటూ వచ్చాడు.

ఆ రోజు మాత్రం ఆగలేదు. ఆ రోజు ఆయన చాపల దొంతర మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ కూర్చోడు. కూర్చుంటే చెవి ఎత్తు మారిపోతుంది, పెద్దమ్మ నిలబడి చేస్తుంది గదా అనేవాడు. తను అద్దంలో చూసింది, ఏమిటీయన కూర్చున్నాడు అనుకుంది, అడగలేదు. వాషింగ్ మెషీను వాడు వచ్చి వెళ్ళిన సంగతి చెప్పింది. ఇంకేదో మొదలుపెట్టింది. ఏదో, ఆ, అని ఎత్తుకుంది. ఆ నోరు అలా తెరుచుకుని ఉండటం గుర్తుంది. ఆయన అరచెయ్యి లేచింది. ఆ చెయ్యి కూడా రోజూలా నిటారుగా లేదు, బరువు మోస్తున్నట్టు మోచేయి మోకాలి మీద ఆనించి ఉంది. సరేలే, మీట కుదిరిపోయింది గాబోలు, తర్వాత చెబుదాం అనుకుని ఆపేసింది. అంతలో జనం వచ్చేశారు. ఆయనకి ఒంట్లో బాలేదు, అంతకంటే ఏముంది, నిలబడలేకపోయాడు, నా మాట పూర్తయ్యే దాకా నిలబడలేకపోయాడు, అది అద్దంలో నా కళ్ళ ఎదురుగానే ఉంది, నేను నా జడ సరిచేసుకుంటున్నాను.

పాట పెట్టింది. మీట మెల్లగా పైకి జరిపింది. ధ్వని ఎక్కడో గోడలకి తగిలి తిరిగి వచ్చింది, అద్దం దాన్ని కసిగా విసిరికొట్టినట్టు కొట్టింది, పళ్ళు జివ్వుమన్నాయి. సన్నటి మోత ఎక్కువైంది, దాన్ని తగ్గించే నాబ్ ఎడమకి తిప్పింది. వూఫరు గుడగుడమంటోంది, అదీ కాస్త దించింది. ఇంకొంచెం. ఖాళీ హాలుని నమ్మకు అనేవాడు ఆయన, ఖాళీ హాలులో ప్రతిదీ పెద్దగా వినిపిస్తుంది, మనుషులు వచ్చి నిలబడ్డాక సగం వాళ్ళ ఒళ్ళే తాగేస్తుంది. అది తలుచుకుని కొంచెం పెంచింది. ఇల్లు కూడా ఇప్పుడు అలాగే ఉంది. గిన్నె పెట్టిన చప్పుడు వీధి దాకా వినిపించినట్టుంటుంది. ఫ్రిజ్జు మోటారు ఆగితే ఉలిక్కిపడుతుంది. ఒక మనిషి ఇంత చప్పుడు తాగేసేవాడని ఎవరికి తెలుసు. రాత్రిళ్ళు మరీ కష్టం, చలి. ఈ ఏడు చలి తొందరగా వచ్చింది. ఆ రోజు రాత్రి కూడా చలే. ఒకటే దుప్పటి, ఇద్దరూ చెరో కొసా పట్టుకుని లాక్కున్నారు, ఏమోయ్ నాక్కూడా కాస్త మిగుల్చు అన్నాడు, తను నిద్రమత్తులో నవ్వింది. తెల్లవారి చూస్తే దుప్పటి మొత్తం తన మీదే ఉంది. ఆయన అటు తిరిగి పడుకుని ఉన్నాడు. చెయ్యి వేస్తే చల్లగా ఉంది, అయ్యో దుప్పటంతా నేనే లాగేసుకున్నాను అనుకుని గబగబా కప్పింది, మెడ దాకా, పాదాల కింద దాకా. కప్పాక గానీ అర్థం కాలేదు. తను లాక్కుందా, ఆయన కప్పాడా. డాక్టరుని అడిగింది కూడా. డాక్టరు వింతగా చూసి, గుండెకీ దుప్పటికీ ఏం సంబంధం తల్లీ, అన్నాడు. సంబంధం లేదని తనకీ తెలుసు. అప్పట్నించీ ఆ దుప్పటి కప్పుకోలేదు. చీర కొంగు కప్పుకుని ముడుచుకుని పడుకుంటోంది.

మైకు మీట జరిపింది. "హలో," అంది. హాలు నలుమూలల నుంచీ కీచుమని ఒక కూత లేచి చెవులు చిల్లులు పడేలా మోగింది. ఠక్కున కిందకి లాగేసింది. ఆయనైతే ఈపాటికి వెనకనుంచి పరుగెత్తుకు వచ్చేవాడు. ఆ కూతకి అక్క గుడ్డ పట్టుకుని పరుగున వచ్చింది.

"ఏమైందమ్మా? పాడైపోయిందా? నేను తుడవబట్టేనా?"

"ఏం పాడవలేదక్కా. కాస్త అలా వెనక్కి వెళ్ళి నిలబడతావా? ఆ ఏసీ కింద. నేను మాట్లాడతాను, వినిపిస్తోందో లేదో చెబుదువు గానీ."

"అయ్య నిలబడేచోటా?" అంది అక్క. కాస్త జంకింది. తర్వాత గుడ్డ నడుముకి దోపుకుని, ఏదో గుళ్ళోకి వెళ్తున్నట్టు చెప్పులు లేని కాళ్ళు కూడా మెల్లగా వేస్తూ నడిచి వెళ్ళి, ఆ మూల గోడకి వీపు ఆనించకుండా నిటారుగా నిలబడింది. అద్దంలో ఆ మూలలో మళ్ళీ ఒక ఆకారం. పాట మళ్ళీ పెంచింది. ఒకటి, రెండు, మూడు అంది మైకులో. అక్క ఒక్కో అంకెకీ గంభీరంగా తల ఊపింది. నాలుగు, ఐదు. మళ్ళీ తల ఊపింది. వినిపించి ఊపుతోందో, పెదాలు చూసి ఊపుతోందో తెలియదు. ఇలా కాదు, అంకెలతో కాదు, నిజంగా ఏదన్నా చెప్పు. ఏం చెప్పను. ఎవరికి చెప్పను. అద్దంలోకి చూసింది. దూరంలో మసక వెలుతురు, మూలలో మనిషి, ముఖం సరిగా ఆనదు.

"ఏవండీ," అంది.

ఆ మాట స్పీకర్లలోంచి బయటికి వచ్చి హాలంతా తిరిగింది. నెల దాటింది ఆ మాట ఆ నోట్లోంచి వచ్చి. ఏవండీ, వాషింగ్ మెషీను బాగానే పనిచేస్తోంది, వాడు చెప్పినట్టు బెల్టే. ఏవండీ, మీ చెల్లెలు వచ్చి పది రోజులుంది, మీ అన్నం కంచంలోనే తింటానంది, తినలేకపోయింది. మీట ఇంకొంచెం పైకి. ఏవండీ, పెద్దమ్మ వచ్చి ఏడ్చింది, మైకు బాబాయ్ లేకపోతే నాకెవరు వినిపిస్తారు అంది, ఆవిడకి తెలుసటండీ, ఆ స్పీకరు సంగతి మొదట్నుంచీ తెలుసట, మీరు నవ్వుకోవడం బాగుంటుందని తెలియనట్టు ఉండేదట. అక్క తల ఊపడం ఆపేసింది. కదలకుండా వింటోంది. చెయ్యెత్తడం లేదు. చాలు అనడం ఆ మనిషికి తెలియదు, ఎవరూ చెప్పలేదు. ఏవండీ, ఆ రోజు మీరు కూర్చున్నారు, నేను చూశాను, అడగలేదు. ఏవండీ, దుప్పటి నేను లాక్కోలేదు కదా, మీరే కప్పారు కదా, నాకెవరు చెబుతారు. ఇంట్లో చలిగా ఉంటోంది. చలి మొదలైంది కదా, ఆ...

నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. ఆ. అదే ఆ. అద్దంలో ఆ మూల, ఇదే పాట, కాళ్ళకింద ఇదే వణుకు, చలి మొదలైంది కదా, ఆ. ఇదే. ఇక్కడే చెయ్యి లేచింది. ఇంత చిన్న మాటా. దీని కోసమా నెల రోజులు. ఇది చెప్పి ఉంటే ఆ సాయంత్రమే చెప్పులు విప్పకుండానే దించేవాడు, మైకులో చెప్పింది ఆయన ఎప్పుడు మర్చిపోయాడు గనక. రెండు దుప్పట్లుండేవి. ఎవరూ ఎవరి దగ్గరా లాక్కోనక్కర లేదు. పోయేవాడు పోయేవాడే, డాక్టరు చెప్పాడు, పోయేవాడే, కానీ వెచ్చగా పోయేవాడు. కళ్ళు మసకబారి అద్దంలో మూల కరిగిపోయింది. మూలలో మనిషి చెయ్యి లేవలేదు. లేవదు. ఇంక ఆపేవాళ్ళు లేరు. ఆమె ఊపిరి తీసుకుంది. మొదట్నించీ చెప్పింది, నిదానంగా, ఒక్కో మాటా, ఆఖరు మింగకుండా.

"ఏవండీ, చలి మొదలైంది కదా, ఆ అటక మీద రెండో దుప్పటి కాస్త దించి పెట్టండి. నాకు అందదు."

పాట మోగుతూనే ఉంది. అద్దంలో అక్క పెదాలు కదులుతున్నాయి. ఏదో అంటోంది, రెండు చేతులూ పైకెత్తి దేన్నో అందుకుంటున్నట్టు చూపిస్తోంది. ఈ సైగ ఆయన చేతుల్లో ఎప్పుడూ చూసింది కాదు. ఆమె పాట మీట కిందకి లాగేసింది. హాలు ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది.

"ఏంటక్కా?"

"నేనొచ్చి దించి పెడతాలే తల్లీ, అంటున్నా," అంది అక్క ఆ చివర్నుంచి. కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. "స్టూలేసుకుంటే నాకందుతుంది."

వినిపించింది. వెనక మూల దాకా, ఆఖరు మాట దాకా. ఆమెకి ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. మిక్సర్ కింది బల్ల సొరుగు లాగింది. ఆయన టేపు చుట్ట అందులోనే ఉంది, పెన్సిలు ముక్క కూడా. ముక్క పంటితో కొరికి తెంపి మైకు మీట పక్కన అతికించి, మీట ఎక్కడుందో సరిగ్గా అక్కడ గీత గీసింది. గీత వంకరగా వచ్చింది. బయట వరండాలో బూట్లు విప్పుకుంటున్న చప్పుడు, ఎవరో నవ్వుతున్నారు, ఎవరో ఆ నవ్వుని ఉష్ అని ఆపుతున్నారు. పెద్దమ్మ దగ్గు వినిపించింది. తలుపు తోశారు.

"రేపు పొద్దున్నే రానా?" అంది అక్క, దారిలో చాపలు సర్దుతూ.

"ఇవాళే రా అక్కా," అంది ఆమె, నోట్లో నోట్లోనే, తలకి మైకు ఉన్న సంగతి మర్చిపోయి. గుమ్మంలో నిలబడ్డవాళ్ళందరికీ అది వినిపించింది.